సోమయాజులు గారి బార్లీ నీళ్లు

మద్యనిషేధ ప్రచారానికి బీరును వాడుకోమని సాక్షాత్తు కేంద్ర ప్రభుత్వం చేత సిఫార్సు చేయించబోయిన మనిషి ఈ దేశంలో ఒక్కడే ఉన్నాడు. అది నేనే. ఇందుకు నాకు పతకమేమీ రాలేదు. ఉద్యోగం ఊడలేదు కాబట్టి అదే పతకమనుకుని ఇన్నేళ్లూ నోరు మెదపకుండా ఉన్నాను. ఇప్పుడు పింఛను కూడా కుదురుగా వస్తోంది, ఇక ఎవరూ ఏమీ చేయలేరు. అందుకని ఆ ఘోరం ఎలా జరిగిందో వరసగా చెప్పేస్తాను. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకండి. నాకు మాత్రం అప్పట్లో నవ్వు రాలేదు, చెమటలే పట్టాయి.

డెబ్భైల చివరి మాట. తణుకు నుంచి ఢిల్లీ వచ్చి ఒక మంత్రిత్వ శాఖలో గుమస్తాగా చేరి రెండేళ్లయింది. లాజ్‌పత్ నగర్లో ఒక ఇంటి డాబా మీద ఒంటి గదిలో ఉండేవాణ్ని. అలాంటి గదిని అక్కడ బర్సాతీ అంటారు. ఎండాకాలం అది పెనం, చలికాలం ఐసు పెట్టె. నాతోపాటు నల్లగొండ వాడు నరసింహ ఉండేవాడు. అతనిదీ మా శాఖే, పక్క సెక్షను. కింద అంతస్తులో ఇంటి యజమానురాలు సేఠీ ఆంటీ, భక్తురాలు, పొద్దున్నే గంట వాయిస్తూ వీధి వీధంతా లేపేది.

మా ఇద్దరికీ ఉన్న విలాసమల్లా శనివారం సాయంత్రం చెరో సీసా బీరు. ఆ రోజుల్లో ప్రభుత్వానికి మద్యనిషేధం మీద పట్టుదల పెరిగింది. దుకాణాలు తెరిచే రోజులు తగ్గుతూ, మూసే రోజులు పెరుగుతూ వచ్చాయి. మేము ఎంత లెక్కగా బయల్దేరినా సరిగ్గా మూత రోజే వెళ్లేవాళ్లం. తాళం కప్పను చూసి వెనక్కి రావడం మా వారాంతపు వ్యాయామం అయిపోయింది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పకుండా దాటేస్తే పాపం. నేను పనిచేసే సెక్షను పనేమిటంటే, మద్యనిషేధ ప్రచారం. తాగవద్దని చెప్పే పోస్టర్లు, కరపత్రాలు రాష్ట్రాలకు పంపించేది నా చేతులే. వారమంతా జనాన్ని తాగొద్దని చెప్పి, శనివారం తాళం కప్ప ముందు నిలబడేవాణ్ని.

ఒక ఆదివారం దరియాగంజ్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల మధ్య నరసింహకు అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. ఏ దొరసానో ఇంటిపనుల కోసం రాసుకున్నది. దుప్పట్లు ఉతకడం, గుర్రానికి మాలిష్ చేయడం, వాటి మధ్య ఇంట్లో బీరు కాచుకోవడం. నరసింహ ఆ పేజీ దగ్గర వేలు పెట్టి నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. ఇద్దరు తెలివైనవాళ్లు అలా చూసుకుంటే ఆలోచన పుడుతుంది. మేం చూసుకుంటే బీరు పుట్టింది.

పాత ఢిల్లీ దినుసుల బజారు ఖారీ బావలీకి వెళ్లి బార్లీ కొన్నాం. చేదు కోసం ఆ పుస్తకంలో ఏదో పువ్వు పేరు రాసి ఉంది. కొట్టువాడు ఆ పేరు ఈ జన్మలో విననేలేదన్నాడు. చేదైతే చాలు కదా అని నేలవేము కొన్నాం. జ్వరానికి కషాయం కాచుకునే నేలవేమే. బార్లీని నానబెట్టి, డాబా మీద తడి గోనెసంచి పరిచి మొలకలెత్తించాం. రెండో రోజు సేఠీ ఆంటీ బట్టలారేయడానికి పైకొచ్చింది. పచ్చగా తల ఎత్తుతున్న బార్లీని చూసి ఆగిపోయింది. మా గుండెలు కూడా ఆగాయి. అవి నవరాత్రుల రోజులు. ఆ వైపు వాళ్లు అమ్మవారి ముందు బార్లీ మొలకలు పెంచుతారని మాకేం తెలుసు? ఆవిడ చెప్పులు విడిచి, గోనెసంచికి దణ్ణం పెట్టి, "జీతే రహో బేటా" అని దీవించి, నా తల నిమిరి దిగిపోయింది. మర్నాడు ప్రసాదం కూడా పంపింది. ఆ హల్వా తింటూనే మేం ఆ మొలకల్ని ఎండబెట్టి, దంచి, ఉడికించి, బెల్లం, నేలవేము కలిపి, చల్లారాక బేకరీ నుంచి తెచ్చిన ఈస్టు వేసి, పెద్ద మట్టికుండలో పోసి మూతికి గుడ్డ కట్టాం.

మొదటి విడత రుచి చెప్పమంటే, తడిసిన గోనెసంచిని కషాయంలో ఉడకబెట్టినట్టు ఉంది. రెండో విడత మనుషులు తాగొచ్చు. మూడో విడత నాటికి మాకు పొగరెక్కింది. చలి ముదిరితే కుండ పులవడం మానేస్తుందని ఉన్న ఒక్క రజాయి దానికి కప్పి, మేమిద్దరం పల్చటి దుప్పట్లో వణికాం. బిడ్డను కూడా అలా చూసుకుని ఉండం.

ఇంత మంచి సరుకు ఇద్దరమే తాగడం అన్యాయమని నాకు తోచింది. నా జీవితంలో జరిగిన అన్యాయాలన్నీ నాకు ఇలాంటి న్యాయం తోచినప్పుడే మొదలయ్యాయి. తెలిసిన తెలుగు గుమస్తాలు ఆరుగురిని చేర్చి సంఘం పెట్టాను. చందా కట్టినవాడికి పక్షానికి రెండు సీసాలు. పాత సామాన్లు కొనే కబాడీవాడి దగ్గర పాత షర్బత్ సీసాలు కొని, కడిగి, బీరు నింపి, బిరడా కొట్టి, పురికొసతో కట్టేవాళ్లం. సభ్యులు షాదరా నుంచి ఆర్.కె. పురం దాకా నలుదిక్కులా ఉండటం వల్ల అందరికీ కలిసొచ్చే చోటు ఆఫీసే. కాబట్టి మద్యనిషేధ సెక్షనులో, నా బల్ల కింద, గుడ్డసంచిలో పంపిణీ కేంద్రం తెరుచుకుంది.

మా పై అధికారి సోమయాజులు గారు. పెద్దాపురం వైపు మనిషి, యాభై దాటాయి. నుదుట విభూతి, చేతిలో మరచెంబు. ఆఫీసు కాంటీన్ టీ ఆయన ముట్టడం ఎవరూ చూడలేదు. మంచినీళ్లు కూడా ఇంటినుంచి తెచ్చుకుని ఎత్తి పోసుకునేవారు. వాళ్ల పూర్వీకులు ఎప్పుడో సోమయాగం చేసి ఆ పేరు తెచ్చుకున్నారట. నిప్పులాంటి మనిషి. ఫైలు మీద ఒక్క అబద్ధం రాయరు, అలాగని ఒక్క నిర్ణయమూ రాయరు. ఏ ఫైలు పంపినా "చర్చించాలి" అని రాసి వెనక్కి పంపేవారు. ఆయన గదికీ మా హాలుకీ మధ్య భుజమెత్తు చెక్క తడిక.

జనవరి చలిలో ఒక మధ్యాహ్నం నేను తెలివితక్కువగా సంచిని కరెంటు హీటరు పక్కన పెట్టాను. మూడింటికి టప్‌మని చప్పుడైంది. బిరడా తడిక మీదుగా ఎగిరి అటువైపు పడింది. రెండు క్షణాల తర్వాత సోమయాజులు గారు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని బయటికొచ్చారు. నా బల్ల కింద సంచి ఇంకా బుసబుసమంటూనే ఉంది.

"విశ్వనాథం, ఇదేమిటయ్యా?"

"బిరడా సార్."

"అది తెలుస్తోంది. ఏ సీసాది?"

ఆ క్షణంలో నిజం చెప్పి ఉంటే మహా అయితే సస్పెండయ్యేవాణ్ని, ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేను నోరు తెరిచాను. నా అనుమతి లేకుండానే "బార్లీ నీళ్లు సార్" అని వచ్చేసింది.

"బార్లీ నీళ్లకి బిరడా ఎగురుతుందా?"

"నాటు వైద్యం సార్. నేలవేము కలుపుతాం. కిడ్నీలో రాళ్లకి."

ఇంకేదైనా జబ్బు పేరు చెప్పినా బతికిపోయేవాణ్ని. ఆయన మొహం ఒక్కసారిగా మారిపోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, తనకు ఎడమవైపు రాయి ఉందని, ఏడాదిగా నరకం చూస్తున్నానని, ఆసుపత్రిలో బార్లీ నీళ్లే తాగమన్నారు గానీ ఫలితం లేదని చెప్పారు. ఎవరికి రాయి అని అడిగారు. నరసింహకు అన్నాను. తగ్గిందా అని అడిగారు. తగ్గుతోంది సార్ అన్నాను. నా సంచిలోంచి సీసా ఆయన చేతిలోకి ఎప్పుడు వెళ్లిందో నాకు తెలియదు.

తడిక పైనుంచి చూశాను. సీసా ఎత్తి, పెదవి తగలకుండా, మడి నీళ్లు పోసుకున్నట్టు బీరు పోసుకుంటున్నారు. నురగ మీసం మీద, విభూతి మీద, ఫైళ్ల మీద పడుతోంది. తాగి, కళ్లు మూసుకుని, "అబ్బ, ఏం చేదు. ఇదీ మందంటే" అన్నారు. ఆ సాయంత్రం ఆయన గదిలోంచి ఏదో కూనిరాగం వినిపించింది. అయిదింటికి బయటికొచ్చిన ఫైలు మీద, ఆయన సర్వీసులో మొట్టమొదటిసారి కాబోలు, "అంగీకరించాను" అని రాసి ఉంది. సెక్షను సెక్షనంతా ఆ ఫైలు చుట్టూ చేరి చూసింది.

పదిరోజుల తర్వాత ఆయన నన్ను గదిలోకి పిలిచి, మందు పొట్లం ఒకటి విప్పి చూపించారు. అందులో కందిబద్దంత రాయి. దాన్ని రత్నంలా వెలుగులో తిప్పుతూ, "విశ్వనాథం, నువ్వు నాకు ప్రాణదాతవయ్యా" అన్నారు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. డాక్టర్లు ఎవరైనా చదువుతుంటే నాకు ఉత్తరాలు రాయొద్దని మనవి. ఉత్త నీళ్లు తాగినా అది పోయేదేనేమో. కానీ ఆ ముక్క అప్పుడు ఆయనకు ఎవరు చెప్పాలి?

ఆయన సంఘంలో ఏడో సభ్యుడయ్యారు. రాయి మళ్లీ రాకుండా రోజు విడిచి రోజు ఒక సీసా కావాలని నాలుగింతల చందా కట్టారు, ఊరికే తీసుకోనన్నారు. అంతటితో ఊరుకోకుండా మిగతా ఆరుగురినీ ఒక్కొక్కరినే పిలిచి ఆప్యాయంగా "మీకూ రాయేనా?" అని అడిగారు. ఆరుగురూ నడుం మీద చెయ్యి వేసి అవునన్నారు. ఆయన చాలాసేపు బాధపడి, మనవాళ్లకి ఈ ఢిల్లీ నీళ్లు పడటం లేదని తేల్చారు.

నాకు భయం వేసింది. ఒక విడత ఆయనకు మాత్రం నిజంగానే ఉత్త బార్లీ నీళ్లు కాచి, నేలవేము కలిపి ఇచ్చాను. రెండు రోజులకే సీసా వెనక్కి వచ్చింది. ఇందులో పస లేదు, పాత పద్ధతిలోనే చేయమన్నారు. గదికెళ్లి నరసింహకు చెప్పుకుని ఏడిస్తే అతను చల్లగా అన్నాడు:

"ఇగ సీసాల గదే పొయ్యి విశ్వం. ఆయనకు మంచిగైంది, నీకు పేరొచ్చింది. నడుమ నీకేం రందిరా?"

రంది ఏమిటో వచ్చే నెల తెలిసింది. సోమయాజులు గారు మంచి మనిషి అని చెప్పాను కదా. మంచి మనుషులతో చిక్కేమిటంటే, తమకు జరిగిన మేలు లోకానికంతా జరగాలనుకుంటారు. ఒక ఉదయం ఆయన నాకు ఒక నోటు ఇచ్చి టైపు చేయించమన్నారు. నిలబడే చదవడం మొదలుపెట్టాను, రెండో పేరాలో కుర్చీ వెతుక్కున్నాను. తాగుడు మానలేని పేదవారికి ప్రత్యామ్నాయంగా ఒక స్వదేశీ ఆరోగ్య పానీయాన్ని ప్రోత్సహించవచ్చు. ఇది సేవించిన వారికి మనసు ప్రశాంతంగా ఉంటుంది, నిద్ర బాగా పడుతుంది, మద్యం మీదికి మనసు పోదు. ఈ విషయం సంతకందారు స్వానుభవం. ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్ష చేయించి, పైకి సిఫార్సు చేయదలిచాము. ఫైలు చూడవలసిన గుమస్తా, విశ్వనాథం.

నమూనా సీసాలో ఉత్త బార్లీ నీళ్లు పోసి పంపేద్దామనుకున్నాను. కానీ నిప్పులాంటి మనిషన్నానుగా. తన ఇంట్లో ఉన్న సీసాల్లోంచి ఒకటి తనే తెచ్చి, బిరడా మీద లక్క కరిగించి, ముద్ర వేసి, గుడ్డ చుట్టి కుట్టించి, కుట్టు మీద సంతకం చేశారు. కవరింగ్ లెటర్ మీద మాత్రం నా చేత్తో నెంబరు వేయించారు. నా బీరు, నా నెంబరు. నా ఉరితాడు కొలత కూడా నన్నే తీసుకోమన్నట్టుంది.

తర్వాతి నెల ఎలా గడిచిందో చెప్పడం కష్టం. తపాలా చప్రాసీ అడుగుల చప్పుడు వింటే నేను బీరువా వెనక్కి తప్పుకునేవాణ్ని. నరసింహ మా గదిలో తన ట్రంకు పెట్టె దులిపి మంచం కిందనుంచి బయటికి తీసిపెట్టాడు. ఎందుకని అడిగితే ఊరికే అన్నాడు. సేఠీ ఆంటీ నా మొహం చూసి, ఉపవాసాలు ఎక్కువ చేస్తున్నానని మందలించి రెండు పరాఠాలు పెట్టింది. సంఘం సభ్యులు ఆరుగురూ నాకు వరండాలో ఎదురైతే గోడ వైపు తిరిగి నడిచేవారు. అయినా పక్షం తిరిగేసరికి సీసాల కోసం మాత్రం వచ్చేవారు.

చివరికి ప్రయోగశాల నుంచి కవరు వచ్చింది. సోమయాజులు గారు చదివి నన్ను పిలిచారు. ఆయన చిరునవ్వుతో కాగితం నా చేతికిచ్చారు. పంపిన నమూనా సంపూర్ణ పరీక్షకు చాలలేదు, దయచేసి ఒక డజను సీసాలు పంపగలరు అని ఉంది.

ప్రభుత్వ ఉత్తరం మీద బీరు కాచిన ఘనత కూడా ఈ దేశంలో నాదే అయి ఉండాలి. డజను సీసాలు సీలు వేసుకుని వెళ్లాయి. మూడు వారాలకు ఇంకో ఉత్తరం. ఫలితాల్లో స్థిరత్వం కోసం ఇంకో రెండు డజన్లు కావాలి. ఈసారి నమూనాలను వీలైనంత చల్లగా ఉన్న స్థితిలో పంపితే పరీక్షకు అనుకూలంగా ఉంటుంది.

నాకు అనుమానం రాలేదా అంటారా? ఆ ఉత్తరంలో "రిపోర్టు" అనే మాట లేదన్న ఒక్క ఆనందంలో నేనసలు ఏమీ ఆలోచించలేదు. సోమయాజులు గారు మాత్రం, ఇంత శ్రద్ధగా పనిచేసే ప్రయోగశాలను ఎక్కడా చూడలేదని మెచ్చుకుంటూ వాళ్లకొక ప్రశంసాలేఖ రాశారు.

మే నెలలో అసలు పిడుగు పడింది. మద్యనిషేధం కోసం పనిచేస్తున్న పెద్దలు, మహిళా సంఘాలవారు, గాంధేయవాదులు ఒక సమావేశానికి వస్తున్నారు. సోమయాజులు గారు రిపోర్టు కోసం ఆగలేక, సమావేశంలో అందరికీ ఆ పానీయం రుచి చూపించాలని నిర్ణయించారు. ఫైలు మీద "చర్చించాలి" అని రాయలేదు. "నలభై మందికి ఏర్పాటు చేయవలెను" అని రాశారు.

ఖద్దరు కట్టుకున్న నలభై మంది వృద్ధులు ఎండలో నడిచొచ్చి, ఖాళీ కడుపులతో తలో గ్లాసు మా బీరు తాగడం నా కళ్ల ముందు కనిపించింది. నా ఉద్యోగం సంగతి అటుంచండి. ఆ పూట ఆ మంచి మనిషి పరువు ఏమవుతుంది? ముప్పై ఏళ్ల సర్వీసు, ఒక్క మచ్చ లేదు. అన్నం దిగలేదు. నరసింహ కూడా ఈసారి చల్లగా మాట్లాడలేదు. "పోయి చెప్పేసెయ్యి. నేనూ వస్త" అన్నాడు. వస్తానన్నాడు గానీ ఆర్.కె. పురంలో సోమయాజులు గారి క్వార్టరు మెట్ల దాకా వచ్చి, కిందే కాపలా ఉంటానన్నాడు. దేనికి కాపలాయో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆదివారం ఉదయం. సోమయాజులు గారు పూజ ముగించి పట్టుపంచెతో పీట మీద కూర్చుని ఉన్నారు. భార్య కామేశ్వరమ్మ గారు నాకు కాఫీ ఇచ్చి, ప్రాణదాతవి నాయనా, నిలబడ్డావేం కూర్చో అన్నారు. కాఫీ గ్లాసు కింద పెట్టి, కళ్లు మూసుకుని చెప్పేశాను.

"సార్, అది బార్లీ నీళ్లు కాదు. బార్లీతో చేసిందే గానీ, బీరు."

ఆయనకు మొదట అర్థం కాలేదు. "బీరు అంటే?" అన్నారు.

"బీరంటే బీరే సార్. మన పోస్టరు మీద సీసా బొమ్మ ఉంటుంది చూడండి, దాంట్లోది."

పూజగదిలో అగరొత్తి పొగ పైకి పోతోంది. ఆయన తన కుడిచేతి వైపు చూసుకున్నారు. ఎత్తి పోసుకున్నది ఆ చేత్తోనే.

"ఎన్నాళ్లయిందయ్యా నేను మొదలుపెట్టి?"

"నాలుగు నెలలు సార్. రోజు విడిచి రోజు."

"మా నాన్నగారు," అన్నారాయన మెల్లిగా, "సోడా సీసా చప్పుడు వినపడితే ఆ వీధిలో నడిచేవారు కాదు." తిట్టి ఉంటే బాగుండునని నాకనిపించింది. అంత పెద్ద మనిషి అలా తన చెయ్యి తను చూసుకుంటూ కూర్చుంటే, నేను చేసింది వేళాకోళం కాదని, నన్ను నమ్మిన ఒక మనిషి నమ్మకాన్ని నేను సీసాలో పోసి బిరడా కొట్టానని అప్పుడు తెలిసింది. నిజంగానే కాళ్ల మీద పడ్డాను.

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి కామేశ్వరమ్మ గారి గొంతు వినిపించింది.

"ఏమండీ, మరి నా సంగతేమిటి?"

ఆయన తల తిప్పారు. "నీ సంగతా? నువ్వు కూడా తాగావా?"

"మీరే కదండీ మోకాళ్లకి మంచిదేమో చూడమన్నారు. పూటకో అరగ్లాసు. మా అమ్మమ్మ పులియబెట్టే తరవాణిలా ఉందని పచ్చిమిరపకాయ కూడా నంజుకున్నాను."

"తగ్గిందా?" అన్నారాయన.

ఆవిడ మోకాలు ఒకసారి వంచి చూసుకున్నారు. "నొప్పి తగ్గలేదండీ. ఉన్నట్టు గుర్తుండేది కాదు, అంతే."

నేను నేల మీద అలాగే బోర్లా ఉన్నాను. పైన ఏదో దగ్గులాంటి చప్పుడు వినిపించింది. తలెత్తి చూస్తే సోమయాజులు గారు పట్టుపంచె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అది నవ్వో ఏడుపో నిర్ధారణగా చెప్పలేను. కానీ భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

ఆ తర్వాత ఆయన లేచి, బావి లేని ఆ క్వార్టరులో నల్లా కింద అరగంట తలస్నానం చేసి వచ్చి తీర్పు చెప్పారు. నా మీద రిపోర్టు రాయాలంటే ముందుగా తాను తాగానని రాయాలి, ఫైలు మీద అబద్ధం రాయలేరు, ఈ నిజం కూడా రాయలేరు. కాబట్టి రిపోర్టు లేదు. సంఘం ఆ రోజే మూసేయాలి. శిక్షగా, శాఖ దగ్గరున్న మద్యనిషేధ కరపత్రాలన్నీ ఒక్కటి వదలకుండా నేను తెలుగులోకి అనువదించాలి. తాగుడు వల్ల కాలేయానికి కలిగే హాని గురించి తెలుగులో నాకన్నా బాగా రాయగల గుమస్తా ఆ రోజుల్లో లేడంటే మీరు నమ్మాలి.

సోమవారం ఆయన ఫైలు తెప్పించుకుని చాలాసేపు కలం పట్టుకు కూర్చున్నారు. చివరికి, ఈ పానీయం ఎండలకు నిలవ ఉండదని తేలినందున ప్రతిపాదన విరమించడమైనది, సమావేశంలో మజ్జిగ ఇవ్వవలెను అని రాశారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. డాబా మీద అప్పటికే నాలుగు సీసాలు ఎండకు పేలాయి. ప్రయోగశాలకు కూడా ఇక నమూనాలు రావని ఉత్తరం వెళ్లింది. నలభై మంది పెద్దలూ మజ్జిగ తాగి చల్లగా వెళ్లిపోయారు. హమ్మయ్య, తేలిపోయిందనుకున్నాను.

సమావేశం అయిన మూడో రోజు మధ్యాహ్నం కళ్లద్దాలు పెట్టుకున్న సన్నటి మనిషి ఒకాయన చేతిసంచితో మా సెక్షనుకు వచ్చాడు. ప్రయోగశాల నుంచి వచ్చానన్నాడు. సోమయాజులు గారు నన్ను కూడా గదిలోకి పిలిచారు. వచ్చినాయన చాలా మర్యాదస్తుడు. కూర్చుని, చెమట తుడుచుకుని, నమూనాలు ఎందుకు ఆగిపోయాయని ఎంతో దిగులుగా అడిగాడు. తమ సిబ్బంది అంతా బెంగ పెట్టుకున్నారన్నాడు.

సోమయాజులు గారు అనుమానంగా చూసి, అసలు ఇన్ని నెలలుగా మీ రిపోర్టు ఏదండీ అని హిందీలో అడిగారు.

ఆ మనిషి సిగ్గుపడుతూ సంచిలోంచి ఒక కాగితం తీశాడు. తేదీ చూస్తే మేం మొట్టమొదటి సీసా పంపిన మర్నాటిది. టైపు చేసి, సంతకాలు పెట్టి, ముద్ర వేసి సిద్ధంగా ఉంది. అందులో ఒకటే వాక్యం: నమూనా బీరు, నాణ్యమైనది.

"రిపోర్ట్ తో పెహ్లే హీ దిన్ బన్ గయీ థీ, సాబ్," అన్నాడాయన నేల చూపులు చూస్తూ. రిపోర్టు మొదటి రోజే అయిపోయిందట. "భేజ్ దేతే, తో ఆప్ బోతల్ భేజ్‌నా బంద్ కర్ దేతే."

పంపిస్తే మేం సీసాలు పంపడం మానేస్తామని పంపలేదట. సోమయాజులు గారు ఆ కాగితాన్ని చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, నా వైపు చూశారు. ఆ చూపు తట్టుకోలేక నేను అప్పటికప్పుడు, ఇద్దరు ప్రభుత్వోద్యోగుల సమక్షంలో, కుడిచెయ్యి చాచి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో బార్లీ గింజ మొలకెత్తించను, మొలకెత్తినదాన్ని ఉడికించను, ఉడికినదాన్ని పులియబెట్టను, పులిసినదానికి సంఘం పెట్టను. అన్నిటికన్నా ముఖ్యంగా, నడుం పట్టుకుని మూలిగే పై అధికారికి మందు చెప్పను.

ఆ ఒట్టు ఈనాటికీ తప్పలేదు. ఎదురింటాయన నిన్ననే వచ్చి, కిడ్నీలో రాయి ఉందంటున్నారండీ, మీకేమైనా నాటు వైద్యం తెలుసా అని అడిగాడు. నేను ఆయనకు మంచినీళ్లిచ్చి, ఆయన గ్లాసు ఖాళీ చేసి, వీధి దాటి తన గుమ్మం ఎక్కేదాకా మూసిన నోరు తెరవలేదు.